మా పాపని మందుల ట్రయల్‌లో చేర్చమంటారా?

ప్రశ్న

పి.గన్నవరం దగ్గరి ఒక లంక గ్రామం నుంచి ఒక తల్లి రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. చాలా వివరంగా రాసిన ఉత్తరం; అందులోని ముఖ్య విషయాలు ఇవి.

వాళ్ల అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. సంక్రాంతి వెళ్లాక ఉన్నట్టుండి చిక్కిపోవడం మొదలైంది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, చెంబులకి చెంబులు నీళ్లు తాగడం. ఎదిగే వయసు కదా అనుకున్నారు. ఒకరోజు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. అమలాపురం తీసుకెళ్తే షుగర్ 480, మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ అందక కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు). అక్కణ్ణుంచి కాకినాడ, బంధువులున్నారని ఆ తర్వాత హైదరాబాద్. టైప్ 1 డయాబెటిస్ అని తేల్చి రోజుకు నాలుగు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదట్లో రోజుకు 32 యూనిట్లు పట్టేది, ఇప్పుడు 14 సరిపోతోంది. బరువు 36 కిలోలు.

పోయిన చెకప్‌లో డాక్టరుగారు ఒక ట్రయల్ సంగతి చెప్పారు. రోగనిరోధక శక్తిని అదుపు చేసే మాత్ర, రోజుకొకటి చొప్పున 48 వారాలు. చేరిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి అసలు మందు, ఒకరికి ఉత్తుత్తి మాత్ర. రోగం తేలిన వంద రోజుల్లోపు చేరాలి. ఆవిడ ఉత్తరం రాసేనాటికి 66 రోజులయ్యాయి.

భర్త కువైట్‌లో డ్రైవరు. "మందులూ షుగర్ చూసే స్ట్రిప్పులూ ఫ్రీయే కదా, చేర్చెయ్" అంటున్నారు ఫోన్లో. బావగారు "ప్రయోగాలకి ఆళ్లకి మన పిల్లే దొరికిందా? రేపొద్దున్న దీన్నెవరు చేసుకుంటారు?" అని కేకలేశారు. అత్తగారు రావులపాలెం వైపు ఒకాయన దగ్గర పసరు మందు తెప్పించి పోయిస్తున్నారు. ఇన్సులిన్ సగానికి తగ్గింది దానివల్లేనని ఆవిడ నమ్మకం, ఇక ఇంజెక్షన్లు మానేద్దామంటున్నారు. మెడికల్ షాపు ఉన్న తమ్ముడు, ఆ రకం మాత్ర మన దగ్గరే దొరుకుతుంది, అంత దూరం ఎందుకంటున్నాడు. వాట్సాప్‌లో ఎవరో ఆరు లక్షలకి స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామని పంపారు. ఎనిమిదేళ్ల బాబు కూడా ఉన్నాడు, వాడికీ పరీక్ష చేయించాలా అన్నది మరో బెంగ.

ఉత్తరం చివర ఇలా రాశారు: "నేను సంతకం పెట్టాక పిల్లకేమైనా అయితే నన్నంటారు. పెట్టకపోతే నయమయ్యే అవకాశం నేనే పోగొట్టానంటారు. ఏం చెయ్యమంటారు?"

సమాధానం

అమ్మా, ముందు మీ ఆఖరి వాక్యంలోని "నయమయ్యే అవకాశం" అన్న మాట పక్కన పెట్టేద్దాం. మీ ఇంట్లో ఇంత గొడవా దాని చుట్టూనే తిరుగుతోంది. మీరు పంపిన ట్రయల్ కాగితాల రెండు పేజీల ఫొటోలు చూస్తే, ఈ ట్రయల్ నయం చేస్తామని ఎక్కడా చెప్పడం లేదు. పాపలో ఇంకా మిగిలి ఉన్న కాస్త సొంత ఇన్సులిన్‌ని కొన్నాళ్లు నిలబెట్టగలమా అని అడుగుతోంది, అంతే. పాపకి వైద్యం ఇన్సులినే. చేరినా అదే, చేరకపోయినా అదే. కాబట్టి మీరు సంతకం పెట్టకపోతే పిల్ల వైద్యం పోగొట్టినట్టు కాదు. పెడితే వైద్యానికి బదులు ప్రయోగానికి అప్పగించినట్టూ కాదు.

ఇప్పుడు 32 యూనిట్లు 14 ఎందుకయ్యాయో చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతావన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని శరీరంలోని రక్షణ కణాలే, ముఖ్యంగా టీ కణాలు, పరాయివనుకుని చంపేయడం టైప్ 1. మీరు పెట్టిన తిండి వల్ల వచ్చింది కాదు. రోగం బయటపడేనాటికి చాలా కణాలు పోయినా కొన్ని మిగిలి ఉంటాయి. అవి షుగర్ మరీ ఎక్కువై సొమ్మసిల్లి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ ఇచ్చి షుగర్ దించగానే వాటికి ఊపిరి తిరిగి మళ్లీ పనిచేస్తాయి, ఇంజెక్షన్ డోసు తగ్గుతుంది. దీన్ని డాక్టర్లు హనీమూన్ దశ అంటారు. పసరు తాగినా తాగకపోయినా చాలామంది పిల్లల్లో ఇది వస్తుంది, కొన్ని నెలలుండి పోతుంది. కణాల మీద దాడి మాత్రం ఆగదు.

అత్తగారితో వాదన పెట్టుకుని లాభం లేదు. మనవరాలి మీద ప్రేమతోనే తెప్పించారు. అయితే రెండు విషయాల్లో గట్టిగా ఉండండి. బేసల్ ఇన్సులిన్, అంటే రాత్రి వేసే ఎక్కువసేపు పనిచేసే డోసు, ఒక్కరోజు కూడా మానకూడదు. మానితే ఫిబ్రవరిలో చూసిన వాంతులూ ఆయాసమూ మళ్లీ వస్తాయి. రెండోది, ఆ పసరు ఆపించి, ఇన్నాళ్లూ ఇచ్చిన సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. ఇలాంటి మందుల్లో షుగర్ తగ్గించే అల్లోపతి మాత్రలు పొడి చేసి కలిపిన సందర్భాలు మన దేశంలో పట్టుబడ్డాయి. ఏం కలిసిందో తెలియని మందు మీద ఉన్న పిల్ల లివర్ పరీక్ష ఫలితాన్ని ఏ ట్రయల్ డాక్టరూ నమ్మలేరు.

ఇక మాత్ర విషయం. మీ కాగితాల్లో రాసిన వివరాల ప్రకారం అది జాక్ ఇన్హిబిటర్ అనే రకం. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ ఈ కుటుంబంలోదే. దాన్ని టైప్ 1లో మెల్‌బోర్న్‌లో పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసున్న 91 మంది చేరారు, అందరూ రోగం తేలి వంద రోజులు దాటనివాళ్లు. 60 మందికి మందు, 31 మందికి ఉత్తుత్తి మాత్ర. 48 వారాలయ్యాక చూస్తే మందు వాడినవాళ్లలో సొంత ఇన్సులిన్ మెరుగ్గా నిలిచింది. బయటి నుంచి వేసుకునే ఇన్సులిన్ కిలో బరువుకి రోజుకు సగటున 0.41 యూనిట్లు పట్టింది, రెండో జట్టుకి 0.52. ఈ లెక్క మీ పాప 36 కిలోలకి వేస్తే సుమారు 15 యూనిట్లు, 19 యూనిట్లు. తేడా నాలుగు యూనిట్లు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో రెండు జట్లకీ పెద్ద తేడా లేదు. రోజంతా షుగర్ ఎగుడుదిగుడులు మాత్రం మందు వాడినవాళ్లలో తక్కువ. మందు ఆపేశాక ఆ మేలు క్రమంగా తరిగిపోయింది.

నాలుగు యూనిట్ల కోసం ఇంత హడావుడా అనిపిస్తుంది. కానీ సొంత ఇన్సులిన్ కాస్తయినా మిగిలినవాళ్లకి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం తక్కువ, ఏళ్లు గడిచాక కళ్లకి వచ్చే ఇబ్బందులూ తక్కువ అని అమెరికాలో జరిగిన పెద్ద దీర్ఘకాల అధ్యయనంలో తేలింది. ఆ కాస్తని నిలబెట్టడం కోసమే ఈ వెతుకులాట. ఎంత మిగిలిందో కొలిచేది సి-పెప్టైడ్‌తో. శరీరం ఇన్సులిన్ తయారుచేసినప్పుడల్లా దానితో సమానంగా ఇదీ వస్తుంది, ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో ఇది ఉండదు. కాబట్టి రక్తంలో సి-పెప్టైడ్ ఎంతుందంటే పిల్ల సొంత సరుకు అంతుందన్నమాట.

ఉత్తుత్తి మాత్ర పడితే ఎలా అని మీరు రెండుసార్లు రాశారు. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మీకూ తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. అత్యవసరమైతే విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది. ఏ జట్టులో పడ్డా ఇన్సులిన్ యథాతథం. రక్తం ఇచ్చీ, ప్రయాణాలు చేసీ పాపకి దక్కింది పిండి మాత్రేనా అని కష్టంగానే ఉంటుంది. కానీ మీ ఇంట్లోనే చూడండి: పసరు పోశారు, డోసు తగ్గింది, ఘనత పసరుకి పోయింది. హనీమూన్ దశ ఉన్నంతకాలం ఈ రోగంలో ఏ మందిచ్చినా పనిచేసినట్టే కనిపిస్తుంది. మందు పడనివాళ్లు పక్కన ఉంటేగానీ నిజం తేలదు.

పనిచేస్తుందనుకున్నవి పనిచేయకపోవడమూ మామూలే. టెప్లిజుమాబ్ అనే మందుని రోగం బయటపడ్డవాళ్ల మీద పెద్ద ట్రయల్‌లో పరీక్షించారు. మన దేశంలోని ఆసుపత్రులు కూడా అందులో ఉన్నాయి. ఏడాది తర్వాత పెట్టుకున్న లక్ష్యం అందలేదని 2010లో తేలింది. అక్కడితో వదిలేయకుండా, ఇంకా రోగం బయటపడకుండా రక్తంలో ఆ దాడికి గుర్తులైన యాంటీబాడీలు ఉండి, షుగర్ కాస్త తేడాగా ఉన్నవాళ్లకి 14 రోజులు ఎక్కించి చూశారు. 76 మంది చేరిన ఆ ట్రయల్ ఫలితం 2019లో వచ్చింది: రోగం బయటపడటం సగటున రెండేళ్లు వెనక్కి జరిగింది. 2022 నవంబర్‌లో అమెరికా దానికి అనుమతిచ్చింది. మీ పాప చేరబోయే ట్రయల్‌కీ ఈ రెండు గతుల్లో ఏదైనా పట్టొచ్చు.

మీ తమ్ముడి మాటకొద్దాం. షాపులో దొరుకుతుందన్నది నిజమే, వాడకూడదన్నదీ అంతే నిజం. ఈ మాత్ర రక్షణ కణాల చేతులు కొంత కట్టేస్తుంది. లోపల నిద్రపోతున్న క్షయ లేవొచ్చు, సర్పి రావచ్చు, తెల్లకణాలు తగ్గొచ్చు, కొలెస్ట్రాల్ పెరగొచ్చు, మొటిమలు రావచ్చు. రక్తం గడ్డకట్టడం, గుండె జబ్బులు, క్యాన్సర్ గురించి అమెరికాలో ఈ రకం మందులన్నిటి మీదా గట్టి హెచ్చరిక వేయించారు. ఆ ప్రమాదం ఎక్కువగా కనిపించింది యాభై దాటిన కీళ్లవాతం రోగుల్లో. మెల్‌బోర్న్ ట్రయల్‌లో మందు వల్ల తీవ్రమైన హాని ఎవరికీ జరగలేదని రాశారు, కానీ ఆ మందు తిన్నది 60 మందే, అదీ 48 వారాలే. అరుదైన హాని అంత చిన్న జట్టులో కనపడకపోవచ్చు. ట్రయల్‌లో అయితే ముందే క్షయకీ కామెర్ల వైరస్‌లకీ హెచ్‌ఐవీకీ పరీక్షలు చేస్తారు, ప్రతి విజిట్‌లో తెల్లకణాలు లెక్కపెడతారు, జ్వరమొస్తే మాత్ర ఆపాలో లేదో ఫోన్లో చెప్పేవాళ్లుంటారు. షాపు మాత్రకి ఇవేవీ ఉండవు.

ఇంట్లో ఎవరికైనా, తాతగారితో సహా, ఎప్పుడైనా క్షయ వచ్చి ఉంటే దాచకండి. పాపకి ఆటలమ్మ పోసిందా, తట్టు టీకాలు పూర్తయ్యాయా అన్నది చూసుకోండి. మాత్ర మీద ఉన్నంతకాలం బతికున్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు వేయరు, కాబట్టి అవసరమైనవి ముందే వేయించాలి. ఎంతముందు అన్నది వాళ్లు చెబుతారు.

ఇంకొక సంగతి, ముందే చెప్పకపోతే అక్కడ మీరు నొచ్చుకుంటారు. పాప పెద్దమనిషి అయి ఉంటే, చేరేముందూ ఆ తర్వాత విజిట్లలోనూ మూత్రంతో గర్భ పరీక్ష చేస్తారు. పదమూడేళ్ల పిల్లకి ఇదేం పరీక్ష అని కోపగించుకోవద్దు. ఇలాంటి మందుల ట్రయల్స్‌లో ఆడపిల్లలందరికీ ఇదే నియమం, అనుమానంతో చేసేది కాదు. పాపకి మీరే ముందుగా నెమ్మదిగా చెప్పి ఉంచండి. ఈ మాట బావగారి దాకా వెళ్లనక్కర్లేదు.

బావగారి భయాన్ని మాత్రం తీసిపారేయకండి. మన ప్రాంతంలో ఆ భయానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసినప్పుడు ఎంతోమందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. టీకా వేసుకున్నవాళ్లలో కొందరు పిల్లలు చనిపోయారు; దానికి టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అనుమతులు తీసుకున్న తీరుని మాత్రం పార్లమెంటు సంఘం 2013లో కడిగేసింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు.

వాటి ప్రకారం మీకు అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులో, సమాచార పత్రం ఇవ్వాలి. సంతకం పెట్టిన అనుమతి పత్రం ఒక ప్రతి మీ చేతికి రావాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, పరిహారం ఇవ్వాలి. తీవ్రమైన హాని జరిగితే డాక్టరు 24 గంటల్లో పైవాళ్లకి తెలియజేయాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు మీ కాగితం మీదే ఉండాలి; మీరు పంపిన రెండు పేజీల్లో అది కనపడలేదు, మిగతా పేజీల్లో వెతకండి. లేకపోతే అడగండి, ఇవ్వడానికి తటపటాయిస్తే అక్కడే ఆగిపోండి. అలాగే ప్రతి ట్రయల్‌కీ సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది. 2009 జూన్ నుంచి ఇది తప్పనిసరి. మీ తమ్ముడికి ఆ నంబరిచ్చి ఇంటర్నెట్‌లో చూడమనండి. మందు ఎవరిది, ఏయే ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎవర్ని చేర్చుకుంటారు అన్నవన్నీ అక్కడుంటాయి. షాపు నడిపే మనిషికి అది ఐదు నిమిషాల పని. పెళ్లి సంగతి: పాప పేరు బదులు ఒక కోడ్ నంబరుతో రికార్డులు పెడతారు, ఫలితాలు ప్రచురించినా పేర్లు రావు.

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, బయటికి రావచ్చు. వచ్చినందుకు అదే డాక్టరు దగ్గర మామూలు వైద్యం ఆగకూడదు. మధ్యలో మానేస్తే భద్రత కోసం కొన్ని రక్తపరీక్షలకి రమ్మంటారు, అది మీ మంచికే.

ఇప్పుడు అసలు బరువు ఎక్కడుందో చూద్దాం. నా ఉద్దేశంలో మీ నిర్ణయం తేలాల్సింది మందు దగ్గర కన్నా మీ ఊరికీ హైదరాబాద్‌కీ మధ్య దారిలో.

ముఖ్యమైన విజిట్లలో చేసే పరీక్ష ఇలా ఉంటుంది. ముందురోజు రాత్రి పది తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. రాత్రి బేసల్ డోసు మామూలుగా వేసుకోవాలి, పొద్దున్న త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రం పరీక్ష అయ్యేదాకా ఆపాలి. ఉదయం షుగర్ 70కి 200కి మధ్య ఉంటేనే మొదలుపెడతారు. చేతికి కాన్యులా అనే సన్న గొట్టం పెట్టి, కిలో బరువుకి 6 మిల్లీలీటర్ల చొప్పున, మీ పాపకైతే 216 మిల్లీలీటర్లు, ఒక పోషక పానీయం తాగిస్తారు. ఆ తర్వాత రెండు గంటలపాటు, కొన్ని ట్రయల్స్‌లో నాలుగు గంటలు, పావుగంటకీ అరగంటకీ అదే కాన్యులా నుంచి రక్తం తీస్తారు. మళ్లీ మళ్లీ పొడవరు, కానీ పిల్ల కదలకుండా కూర్చోవాలి.

మీరు రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి దిగి నేరుగా ఈ పరీక్షకి వెళ్దామనుకుంటే ఇబ్బంది అక్కడే. ఖాళీ కడుపు, సరిగా లేని నిద్ర, రాత్రి డోసు. బెర్త్ మీద అర్ధరాత్రి షుగర్ పడిపోతే పక్కవాళ్లకి తెలియదు. ఒంటిగంటకి ఒకసారి, నాలుగింటికి ఒకసారి అలారం పెట్టుకుని చూడండి. 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి పావుగంటకి మళ్లీ చూడాలి. పరీక్ష పాడవుతుందని వెనకాడొద్దు. మర్నాడు చేస్తారు, పరీక్ష పోతే పోతుంది. అందుకే చేరేముందే అడగండి: ముందురోజు బసకి ఏర్పాటుందా, దారి ఖర్చులు ఇస్తారా, పరీక్ష వాయిదా పడితే ఆ రెండో రోజు ఖర్చు ఎవరిది?

రెండోది వరదలు. 48 వారాలంటే జులై, ఆగస్టు, సెప్టెంబరు అందులోనే పడతాయి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఎగరేశారంటే లంకల కాజ్‌వేలు మునగడం మొదలని మీకు నేను చెప్పక్కర్లేదు. ట్రయల్ విజిట్లకి తేదీ ఉంటుంది, దానికి ముందూ వెనకా కొన్ని రోజుల సందు ఉంటుంది. ఆ సందు ఎన్ని రోజులో కనుక్కోండి. పడవ మీద దాటాల్సిన వారంలో విజిట్ పడితే ఏం చేస్తారు, రక్తపరీక్ష అమలాపురంలోనో కాకినాడలోనో చేయించి పంపితే ఒప్పుకుంటారా, మాత్రలు అదనంగా ఇచ్చి పంపుతారా అని అడగండి. వాళ్ల దగ్గర దీనికి జవాబు లేకపోతే, లంకలో ఉండే కుటుంబం ఎలా ఉంటుందో వాళ్లింకా ఆలోచించలేదని అర్థం.

వరదకి ట్రయల్‌తో పనిలేకుండానే ఒక జాగ్రత్త ఉంది. మూడు వారాల ఇన్సులిన్ ఇంట్లో ఉంచుకోండి. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా కొన్ని గంటలు నడుస్తుంది. రోజులు గడిస్తే కొత్త కుండలో తడి ఇసక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, వయల్స్ మూతున్న డబ్బాలో వేసి అందులో ఉంచండి. ఐస్‌కి తగలనివ్వకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, పనిచేయదు.

ట్రయల్ వాళ్లు ఇన్సులిన్ పెన్నులిస్తే ఇంకో ప్రమాదం ఉంది. మీరిప్పుడు వాడుతున్నది ఎర్రమూత సిరంజి, మిల్లీలీటరుకి 40 యూనిట్ల వయల్ అని రాశారు. పెన్ను కార్ట్రిజ్‌లో ఉండేది మిల్లీలీటరుకి 100 యూనిట్లది. పెన్ను మొరాయించిన రోజున కార్ట్రిజ్‌లోంచి ఎర్రమూత సిరంజితో లాగితే, 14 గీత దాకా లాగినా లోపలికి వెళ్లేది 35 యూనిట్లు. ఈ పొరపాటుతో పిల్లలు స్పృహ తప్పి ఆసుపత్రికి వస్తుంటారు. రెండు రకాలూ ఒకే డబ్బాలో ఉంచకండి.

ఇవన్నీ చూసుకుని చేరితే, మంచి జరిగే అవకాశం ఉన్న మందు మూడింట రెండు వంతుల అవకాశంతో పాపకి అందుతుంది, ఏడాదిపాటు నిపుణుల కన్ను ఆమె మీద ఉంటుంది. రోగం కొత్తగా వచ్చిన ఏడాదిలో ఆ రెండోదే ఎక్కువ ఉపయోగపడినా ఆశ్చర్యం లేదు. బదులుగా బడి రోజులు పోతాయి, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది, 48 వారాలయ్యాక స్ట్రిప్పులూ సెన్సర్లూ ఇవ్వడం ఆగిపోతుంది. మీవారు "ఫ్రీ" అంటున్నది ఏడాదికే. ఆ తర్వాత నెల ఖర్చుకి ఇప్పటినుంచే డబ్బు పక్కన పెట్టమనండి.

చేరకపోతే, పోయేది బహుశా కొన్ని యూనిట్ల సొంత ఇన్సులిన్, కొంతకాలం. అదీ మందు పనిచేసి, పాపకి అదే పడితే. దానికి బదులు ఆ శ్రమంతా రోజువారీ వైద్యం మీద పెట్టొచ్చు: రోజుకు నాలుగుసార్లయినా షుగర్ చూడటం, అన్నం కప్పుతో కొలిచి దానికి తగ్గ డోసు వేయడం నేర్చుకోవడం, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంచడం. ఇది కూడా మిగిలిన కణాలకి కొంత మేలు చేయొచ్చు. పెద్దాసుపత్రి కావాలంటే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, మీకు హైదరాబాద్ కన్నా దగ్గర.

రెండింటి మధ్యా ఒక దారి ఉంది. స్క్రీనింగ్‌కి, అంటే చేర్చుకునే ముందు చేసే పరీక్షలకి, ఒప్పుకుని, సి-పెప్టైడ్, యాంటీబాడీల ఫలితాలు చూశాక నిర్ణయించుకోవచ్చు. స్క్రీనింగ్‌కి సంతకం పెట్టినంత మాత్రాన మాత్ర మింగాలని లేదు. సి-పెప్టైడ్ మరీ తక్కువుంటే వాళ్లే వద్దంటారు.

సంతకం ఒక్కరిది చాలా, ఇద్దరిదీ కావాలా అన్నది ఆ ట్రయల్‌కి ఎథిక్స్ కమిటీ పెట్టిన షరతుని బట్టి ఉంటుంది. మీవారు కువైట్‌లో ఉన్నారని ముందే చెప్పండి. డాక్టరు వివరించేటప్పుడు వీడియో కాల్‌లో ఆయన్నీ కూర్చోబెట్టండి. మీ ఉత్తరంలో పాప ఏమంటోందో ఎక్కడా లేదు. పదమూడేళ్ల పిల్ల సమ్మతి కూడా రాతపూర్వకంగా తీసుకుంటారు, ఆమె వద్దంటే ఆ వద్దుకి విలువుంది. రోజూ నాలుగు సూదులు వేసుకుంటున్నది ఆ పిల్ల.

స్టెమ్ సెల్స్, అంటే మూలకణాల గురించి ఎక్కువ రాయను. డబ్బు తీసుకుని చేసేది ట్రయల్ కాదు. దేశంలో వైద్య పరిశోధనని చూసే సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ రోగాలకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ అనుమతి పొందిన ట్రయల్‌లోనే చేయాలి. మూలకణాల నుంచి పెంచిన బీటా కణాలు ఎక్కించిన పరిశోధన ఒకటి 2025లో ప్రచురితమైంది. పూర్తి డోసు అందుకున్న 12 మందిలో పదిమంది ఏడాదికి ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. కానీ వాళ్లంతా షుగర్ పడిపోయి ప్రాణాల మీదకి వచ్చిన పెద్దవాళ్లు, ఆ కణాలు నిలవడానికి రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి, ఆ పరిశోధనలో ఇద్దరు చనిపోయారు కూడా. ఒకరి మరణానికి ఇన్ఫెక్షన్ కారణం. ఆ వాట్సాప్ మనిషి అమ్ముతున్నది ఇది కాదు. నంబరు బ్లాక్ చేయండి.

బాబు విషయం. అక్కకి టైప్ 1 ఉంటే తమ్ముడికి వచ్చే అవకాశం నూటికి ఐదారు. యాంటీబాడీల పరీక్ష చేయిస్తే ముందే తెలుస్తుంది; రెండు రకాలు అంతకన్నా ఎక్కువ ఉన్న పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి పదేళ్లలో రోగం బయటపడుతుందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. తెలిస్తే మేలేమిటంటే, అక్కలా కీటోన్లతో ఆసుపత్రికి వెళ్లేదాకా రాదు. నష్టమేమిటంటే, రానిదానికి ఏళ్ల తరబడి బెంగ. టెప్లిజుమాబ్ అమెరికా ధర 2022లో అనుమతి వచ్చినప్పుడే ఒక కోర్సుకి సుమారు ఒక లక్షా తొంభై నాలుగు వేల డాలర్లు, కాబట్టి ఆ మందు ఆశతో పరీక్ష చేయించొద్దు. ఇప్పుడే తొందర లేదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది కాబట్టి వాడు రాత్రిళ్లు ఎక్కువసార్లు లేచినా, బరువు తగ్గినా వెంటనే వేలిమీద చూడండి.

ఇక వంద రోజులు. గడువు నిజమైనదే, కణాలు తగ్గుతూ ఉంటాయి కాబట్టి పెట్టారు. మిమ్మల్ని తొందరపెట్టడానికి కాదు. కానీ లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో కనుక్కోండి: అమలాపురంలో షుగర్ 480 వచ్చిన రోజు నుంచా, టైప్ 1 అని తేల్చిన రోజు నుంచా, మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ నుంచా. వందో రోజులోపు కావాల్సింది స్క్రీనింగా, మొదటి మాత్రా అన్నదీ అడగండి. క్షయ పరీక్ష, యాంటీబాడీల ఫలితాలు రావడానికే వారం పది రోజులు పట్టొచ్చు, కాబట్టి మీకున్న సమయం మీరు లెక్కేసుకున్న 34 రోజుల కన్నా తక్కువే. రేపు ఉదయం ట్రయల్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి ఈ తేదీలు, పూర్తి తెలుగు సమాచార పత్రం, సీటీఆర్‌ఐ నంబరు అడగండి. పత్రం వచ్చాక గట్టిగా చదివి వినిపించే పని బావగారికే అప్పజెప్పండి.